టెస్ట్ పాసయిందని చెప్పాను

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఆవిడ అమావాస్యకు గుమ్మానికి గుమ్మడికాయ కడుతుంటే స్టూలు కదలకుండా పట్టుకోవడం తప్ప ఆ విషయంలో నేను చేసే సాయమేమీ ఉండదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా తెల్లచీరలు, గజ్జెల చప్పుళ్లు లేవు. పట్టపగలు, మండుటెండలో జరిగింది. దయ్యమైతే భయపడి ఊరుకునేవాణ్ణి. ఇది తలచుకుంటే నాకు భయం కన్నా సిగ్గు ఎక్కువ వేస్తుంది.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాను. సెలవు రోజుల్లో తెలిసినవాళ్లకు కంప్యూటర్లు బిగించి ఇస్తుంటాను. ఈ పనిలో నాకు కాస్త పేరుంది. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. అసలు రోగమంతా అక్కడే ఉంది.

ఈ ఎండాకాలం, ఉప్పల్‌లో పెళ్లి వీడియోలు తీసే యాదగిరి అన్న కొత్త కంప్యూటర్ కావాలన్నాడు. నేనే చెప్పి మంచి ప్రాసెసర్ కొనిపించాను. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వేగంతోనే అది ఆయన పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ కొత్త ప్రాసెసర్ దొరికితే నా చెయ్యి ఊరుకోదు, ఓవర్‌క్లాక్ చేయాల్సిందే. అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటించి దాన్ని ఇంకా వేగంగా పరుగెత్తించడం. అలా చేస్తే వేడెక్కుతుంది. వేడెక్కి ఆగిపోతే కొంత నయం. ఒక్కోసారి ఆగకుండానే లెక్క తప్పి ఫైళ్లను పాడు చేస్తుంది. అందుకే ఒక పగలూ ఒక రాత్రీ పూర్తి భారం మీద నడిపి చూడందే ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఈ నీతి పదిమందికి చెప్పేది కూడా నేనే.

నేను అనుకున్న వేగానికి పెడితే మా ఇంట్లో కాసేపటికే ఆగిపోయింది. తగ్గించాలి. తగ్గించలేదు. క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి, హాల్లో ఉన్న నీళ్ల కూలర్‌ను దాని ముందుకు లాగి, అందులో ఐసు గడ్డలు వేసి గాలంతా ప్రాసెసర్ మీదికే వదిలాను. మా ఆవిడ, పాప చెమటలు కక్కుకుంటూ వసారాలో కూర్చున్నారు. టెస్ట్ గంటసేపు నిలబడింది. స్కోరును ఫోటో తీసి మా ఓవర్‌క్లాకింగ్ గ్రూపులో పెట్టాను. "మస్తు కొట్టినవ్ అన్నా" అని ఒకటే మెసేజ్‌లు. ఆ మురిపెంలో మిగతా టెస్ట్ చేయనే లేదు. ఎవరూ సెట్టింగులు కెలకకుండా, అవి మార్చే చోటైన బయోస్‌కు నాకొక్కడికే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టి తలుపు బిగించేశాను.

యాదగిరి అన్న ఎడిటింగ్ గది మేడ మీద ఉంటుంది. పైన రేకులు, ఏసీ లేదు. అన్న భార్య పద్మ వదిన క్యాబినెట్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

"టెస్ట్ గిట్ల అన్నీ చేసినవా తమ్మీ?" అని అడిగాడు అన్న.

"ఒక పగలు, ఒక రాత్రి నడిపిన అన్నా. ఫికర్ లేదు" అన్నాను. నోరు తడబడలేదు కూడా.

అప్పుడు చెప్పాడు. కాప్రాలో ఒక పెళ్లి తీశాడట. పెళ్లయిన వారానికే పెళ్లికూతురి తండ్రి గుండె ఆగి పోయాడు. అప్పగింతలప్పుడు ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టి ఏవో నాలుగు మాటలు చెప్పాడు. ఆ మాటలు మళ్లీ వినాలని ఆ పిల్ల రోజూ ఫోన్ చేస్తోంది.

"రేపు కార్డులన్నీ దీంట్లకు ఎక్కిచ్చి తుడిసేస్తా. ఎల్లుండి ఇంకో పెండ్లి ఉన్నది గదా" అన్నాడు.

పెళ్లిళ్ల రోజుల్లో వీడియో వాళ్లు చాలామంది చేసేదే ఇది. ఫుటేజ్ కంప్యూటర్‌లోకి ఎక్కించడం, అవే మెమరీ కార్డులు ఖాళీ చేసి ఇంకో పెళ్లికి పట్టుకెళ్లడం. అంటే చనిపోయిన మనిషి మాటలు ఇక నేనిచ్చిన పెట్టెలో తప్ప ఎక్కడా ఉండవు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చాయ్ తాగి వచ్చేశాను.

మర్నాడు నాకు పగటి డ్యూటీ. మా కంపెనీలో ఫోన్లు గేటు దగ్గర అప్పజెప్పి లోపలికి వెళ్లాలి. ఆ రోజు సరుకు లారీలు వచ్చాయి. సాయంత్రం దాకా నేను గోడౌన్ దాటి బయటికి రాలేదు. నాతో పనిచేసేవాళ్లందరూ చూశారు. చేతులు డ్రమ్ముల మీద ఉన్నాయి గానీ మనసు ఆ రేకుల గదిలోనే ఉంది. వెళ్లి తప్పు ఒప్పుకోవాలి, వేగం తగ్గించాలి, కార్డులు తుడవొద్దని చెప్పాలి. ఆ మాటలు ఎలా మొదలుపెట్టాలో కూడా కూర్చుకున్నాను. తీరా డ్యూటీ దిగి ఫోన్ చేతికొచ్చాక, పేరు పోతుందని నేరుగా ఇంటికే పోయాను.

రెండ్రోజుల తర్వాత యాదగిరి అన్న ఫోన్ చేశాడు. ఎత్తడానికి చేతులు రాలేదు. చివరికి ఎత్తాను.

"తమ్మీ, ఆ దినం నువ్వు రాకపోయుంటే నా బతుకు ఆగమైపోతుండె" అన్నాడు.

ఆయనే చెప్పుకుపోయాడు. ముందురోజు కంప్యూటర్ ఇచ్చానా, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ నేను వెళ్లానట. ఎండకు ముఖం కందిపోయి ఉందట. "టెస్ట్ చెయ్యలే అన్నా, అబద్ధం చెప్పిన" అని కుర్చీలో కూలబడి ఏడ్చానట. వేగం తగ్గించానట. కార్డులు తుడవొద్దు, ముందు వేరే డిస్కులోకి ఒక కాపీ తియ్యమన్నానట. అన్న కోపం పట్టలేక తిట్టాడట. పద్మ వదినే ఆయన్ను ఆపి నాకు మజ్జిగ ఇచ్చిందట.

ఆ సాయంత్రమే ఉప్పల్ వెళ్లాను. ఒకసారి చూసి పోదామని వచ్చానన్నాను. బయోస్ నా పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంది. ప్రాసెసర్ వేగం ఒక్కటే కంపెనీ ఇచ్చినచోటికి వచ్చి ఉంది. నేను మార్చిన మిగతావన్నీ అలాగే ఉన్నాయి. దానంతటదే మొదటికి వచ్చిందనుకుంటే అవి కూడా చెరిగిపోవాలి. ఎవరో సెట్టింగులు చెరపడానికి లోపలి చిన్న బ్యాటరీ తీశారనుకుంటే పాస్‌వర్డ్ పోవాలి. ఏదీ పోలేదు.

పద్మ వదిన నన్ను చూసి, "ఇయ్యాల ముఖం జర తేటగున్నది. ఆ దినం నిన్ను సూస్తే నాకే ఏడుపొచ్చింది" అంది. ఆ ఇద్దరూ నన్ను ఏళ్లుగా ఎరుగుదురు. ఇంకొకణ్ణి చూసి నేననుకునేవాళ్లు కాదు.

అన్న కిందికి వెళ్లినప్పుడు నేను మొదట పెట్టిన వేగం మళ్లీ పెట్టి, పనికిరాని ఫుటేజ్ కొంత ఎక్కించి చూశాను. కాసేపటికే ఆగిపోయింది. అప్పటికి ఎక్కినవాటిని తెరిస్తే కొన్నిట్లో ఆకుపచ్చ చారలు తప్ప బొమ్మ లేదు, మాట లేదు. వేగం తగ్గించి లేచాను.

వీడియో తయారయ్యాక ఆ పెళ్లికూతురు వస్తోందని అన్న నన్నూ పిలిచాడు. తెర మీద ఆ తండ్రి కూతురి తల నిమురుతూ అన్నాడు: "కొత్త ఇల్లని మొగమాటపడకు బిడ్డా. ఆకలైతే పెట్టుకొని తిను." అంతే. ఆ అమ్మాయి అదే ముక్క మళ్లీ మళ్లీ వేయించుకుంది. యాదగిరి అన్న నన్ను చూపించి, "ఈయన వచ్చి నిజం జెప్పబట్టే ఇది దక్కిందమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూనే నాకు రెండు చేతులూ జోడించింది. నేను కూడా జోడించాను. నేను కాదమ్మా అని చెప్పలేదు. నా బతుకు మీద నాకే ఛీ అనిపించింది.

ఆ పిల్ల వెళ్లాక ఇక ఉండబట్టలేక అన్నతో చెప్పేశాను. "ఆ దినం వచ్చింది నేను గాదన్నా. నేను కంపెనీలనే ఉన్న."

ఆయన నా భుజం తట్టాడు. "ఇంకా మనసుల పెట్టుకున్నవా? తప్పు ఒప్పుకున్నోనికి సిగ్గేంది తమ్మీ" అన్నాడు. మళ్లీ చెప్పబోతే వినలేదు.

మా ఆవిడ దేవుడంటుంది. గ్రూపులో ఒకతను మదర్‌బోర్డు లోపమంటాడు. మదర్‌బోర్డు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగదు. దేవుడు నా ముఖం పెట్టుకుని ఎందుకు ఏడుస్తాడో నాకు అర్థం కాదు. వచ్చింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను.

యాదగిరి అన్నకు మాత్రం నా మీద మునుపటి కన్నా గురి పెరిగింది. తప్పు జేస్తే ఇంటికొచ్చి చెప్పే మనిషని నలుగురికీ చెబుతున్నాడు. నాచారం నుంచి ఉప్పల్ ఎంతని? బండి మీద ఇలా ఎక్కి అలా దిగడమే. ఆ ఎండలో ఎవరో ఆ కాస్త దూరం వెళ్లారు. నేను వెళ్లలేదు.