మౌసీ రాలేదు

పోయిన వేసవిలో, దేశ రాజధానిలో వసంత్ కుంజ్ దగ్గర మా గల్లీలో పొద్దున్నే కాసేపే నీళ్లొచ్చేవి. చాలామంది సర్కారు పైపుకే మోటారు బిగించి పక్కింటివాళ్ల నీళ్లు కూడా లాగేసేవాళ్లు. అది నేరమని అందరికీ తెలుసు. అందుకే బయట ఆడుకునే పిల్లలకి ఒక పని అప్పజెప్పారు. నీళ్ల ఆఫీసు మనుషులు కనబడగానే "మౌసీ ఆ గయీ!" అని అరవాలి. పిన్ని వచ్చిందని అర్థం. ఆ కేక వినగానే మోటార్లు ఆగేవి, వాటి మీద టబ్బులు బోర్లపడేవి.

మేం పైన అద్దెకుండేవాళ్లం, ఓనరమ్మ కింద ఉండేది. మోటారు తీసేయమని అడిగితే నవ్వేసింది.

ఒకరోజు స్కూలు రిక్షా కోసం గేటు దగ్గర నిలబడ్డ మా ఆరేళ్ల పిల్ల నీళ్ల ఆఫీసు వాళ్లని చూసింది. అరవలేదు. "బేటీ, అందర్ మోటార్ హై?" అని ఒకాయన అడిగితే "హై అంకుల్" అని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. మోటారు పట్టుకుపోయారు.

ఓనరమ్మ రుసరుసలాడుతూ మెట్లెక్కి వచ్చింది. "అరవడానికి నోరు లేదా దీనికి?"

"మౌసీ ఆయీ హీ నహీ థీ, ఆంటీ," అంది పిల్ల నా వెనక నుంచి. అసలు పిన్ని రానే లేదట.

"అచ్ఛా! బడీ పాదరీ బన్ గయీ! పెద్ద పాస్టరమ్మ బయల్దేరింది! సాయంత్రం అందరి ముందూ మాఫీ అడగాలి. లేకపోతే ఇల్లు ఖాళీ చేయండి."

మావారు ఊళ్లో లేరు. పిల్ల తుమ్మితేనే బెంగపడే మనిషిని నేను. ఈ ఇల్లు దొరకడానికి ముందు మద్రాసీలని కొందరు, క్రైస్తవులని కొందరు మాకు తలుపులు మూశారు.

"మమ్మీ, సారీ చెప్పనా?" అంది పిల్ల, బిక్కమొహంతో. "ఘర్ చలా జాయేగా క్యా?"

ప్రార్థనలో కళ్లు మూసుకుని ఎవరితో మాట్లాడతావో, కళ్లు తెరిచాక కూడా ఆయన నిన్ను చూస్తూనే ఉంటాడని దానికి నేర్పింది నేనే. నమ్మింది కాబట్టే నిజం చెప్పింది. ఇప్పుడు దాని చేత క్షమాపణ చెప్పిస్తే ఇక ఏ ఆదివారం ఏ మొహంతో ప్రార్థన చేయించను?

"వద్దమ్మా," అన్నాను. "ఇల్లు పోతే పోనీ."

కిందికి వెళ్లాను. "ఆంటీ, ఇల్లు ఖాళీ చేస్తాం. మాఫీ మాత్రం అడగదు," అన్నాను. ఇది విని, లౌక్యం కూడా కాస్త నేర్పాలమ్మా అని తర్వాతెప్పుడో చర్చిలో పెద్దావిడ ఒకరు మందలించారు. నేర్పను. అది లోకమే నేర్పుతుంది, నా సాయం అక్కర్లేదు.

ఓనరమ్మతో ఆ మాట అన్న మర్నాడు, మోటారు లేక నీళ్లు పైకెక్కక, మేమిద్దరం బక్కెట్లతో నీళ్ల టాంకర్ దగ్గర నిలబడ్డాం. మమ్మల్ని చూసి గల్లీ పిల్లలు ఒక్కటై "మౌసీ ఆ గయీ! మౌసీ ఆ గయీ!" అని గేలి చేశారు. పిల్ల బక్కెట్ కింద పెట్టి వాళ్లవైపు తిరిగింది.

"మౌసీ నహీ, టాంకర్ ఆయా హై," అంది గట్టిగా. "లైన్ మే ఆవో."