చెవి ముందు రెండు వేళ్లు

నిన్న మధ్యాహ్నం అశోక్ చౌక్ దగ్గరున్న నా దంతవైద్యశాలకు ఒకామె వచ్చింది. నోరు సగం తెరుచుకుని ఉంది, మూతపడటం లేదు. కొంగును చెంపకు అదుముకుని కుర్చీలో ఒదిగి కూర్చుంది. నేను ఏమీ అడగకముందే పక్కన నిలబడ్డ భర్త అందుకున్నాడు. "పొద్దుగాల ఆవలిచ్చింది మేడం. జబ్డా జారింది. జర ఫటాఫట్ ఎక్కియ్యుండ్రి, నాకు డ్యూటీ ఉంది." నేను ఆమె వెనక్కి వెళ్లి, కొంగు మెల్లగా తొలగించి, రెండు చెవుల ముందూ రెండేసి వేళ్లు ఆనించాను. దవడ నిజంగా జారి ఉంటే అక్కడ చిన్న గుంట తగలాలి. తగల్లేదు. ఎడమవైపు వాపు, లోపలి నుంచి కాగుతున్న వేడి. ఆ వేడి నా వేళ్లకు కొత్తది కాదు. నర్సవ్వత్త పోయి కొన్నేళ్లయినా, ఆ క్షణాన ఆమె నా పక్కనే నిలబడినట్టయింది.

నర్సవ్వత్త మాకు చుట్టమేమీ కాదు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మాది, వాళ్లది ఎదురెదురు ఇళ్లు. అమ్మా ఆమే ఒళ్లో చాటలు పెట్టుకుని, ఒకరికొకరు ఎదురుగా కూర్చుని బీడీలు చుట్టేవారు. తునికాకు మడిచే ఆ వేళ్లకు ఇంకో పని కూడా తెలుసు. జారిన దవడలు ఎక్కించేది. వాళ్ల అత్త దగ్గర నేర్చుకుందట. మా పేటలో ఆ పనికి కొదవ ఉండేది కాదు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి, అక్కడ పనిచేసేవాళ్లు నోరు బార్లా తెరిచి, పెదవులు చూసి అర్థం చేసుకునేలా మాట్లాడతారు. అలా అలిసిన దవడలు డ్యూటీ దిగాక ఒక్క పెద్ద ఆవులింతకు జారిపోయేవి. వాళ్లంతా దవాఖానకంటే ముందు ఆమె ఇంటికే వచ్చేవాళ్లు.

నేను డెంటల్ కాలేజీలో మూడో ఏడాది చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, అలాంటి ఒకాయన వచ్చాడు. నాకప్పుడు చదువు తలకెక్కి ఉంది. ఆ కీలు గురించి పుస్తకంలో ఉన్నదంతా నోటికి వచ్చు. "నేను చేస్త అత్తా" అని ముందుకు దూకాను. ఆయన కింది దంతాల మీద బొటనవేళ్లు పెట్టి, బలమంతా ఉపయోగించి దవడను వెనక్కి నెట్టాను. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి కానీ దవడ కదల్లేదు. నర్సవ్వత్త చాట పక్కన పెట్టి లేచింది.

"ఎనకకు నూకుతవేంది బిడ్డా? అది గడప దాటి ముంగట వడ్డది. గడపను గుద్దితే లోపలికి వస్తదా? ముందు కిందికి దించు. గడప కింద నుంచి ఎనకకు తీస్కపో."

ఆమె తన బొటనవేళ్లకు పాత గుడ్డ దట్టంగా చుట్టుకుంది. ఆయన తలను గోడకు ఆనించి, కిందికి అదిమి, ఆ తర్వాతే వెనక్కి జరిపింది. లోపల టక్కుమంది. ఆయన నోరు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూసి నవ్వాడు. గుడ్డ ఎందుకని అడిగితే ఆమె తన కుడి బొటనవేలు చూపించింది. గోరు కింద అడ్డంగా పాత మచ్చ. "మొదటిసారి ఎక్కిచ్చినప్పటిది. లోపలికి పొయ్యేటప్పుడు పండ్లు టప్పున మూస్కుంటయ్. నీ బుక్కుల రాయలేదా?" రాసే ఉంది. చదివింది సమయానికి గుర్తురాలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆమె నా వేళ్లు తీసుకుని తన చెవుల ముందు పెట్టుకుంది. మెల్లగా నోరు తెరిచింది. "సూడు. మొదలు ఉన్నకాడనే తిరుగుతది. ఇగో, ఇప్పుడు ముంగటికి జారుతది. రెండూ కలిస్తేనే నోరు బరాబర్ తెరుసుకుంటది." నా వేళ్ల కింద ఎముక తల గుండ్రంగా తిరిగి, తర్వాత ముందుకు జారడం స్పష్టంగా తెలిసింది. ఎముకకు, పుర్రెకు మధ్య మెత్తటి బిళ్ల ఒకటుంటుందని, అది పక్కకు తప్పుకుంటేనే కొందరికి నోరు తెరిచినప్పుడు టిక్కుమంటుందని నేను చెప్పాను. ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉంచి విన్నది. "బిళ్ల ఉంటదా! ఇన్నేండ్లు దాన్ని ముట్టుకోకుంటనే దానితోటి పని చేసిన్నన్నమాట" అని చాలాసేపు మురిసిపోయింది. ఎవరొచ్చినా ముందు చెవి దగ్గర వేళ్లు పెట్టి చూడాలని, గుంట తగలనిదే చెయ్యి వేయొద్దని ఆ రోజే చెప్పింది. తను కూడా ఎప్పుడూ అలాగే చేసేది. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి నేనూ అక్కడే ఉన్నాను. నాకది ఆఖరి ఏడాది. వెనక వరస ఇళ్లలో ఉండే సుజాతను భర్త తీసుకొచ్చాడు. "ఆవలిచ్చింది అత్తమ్మా, జబ్డా జారింది" అన్నాడు. సుజాత నోరు మూతపడక చొంగ కారుతోంది, గడ్డం ఒక పక్కకు పోయి ఉంది. కొంగు చెంప మీది నుంచి తీయలేదు. చీకటి పడేలోపు బీడీలు ఇచ్చి రావాలని నర్సవ్వత్త తొందరలో ఉంది. ఇలాంటివి ఎన్నో చూశానన్న ధీమాతో వేళ్లు పెట్టి చూడలేదు. చూడమని నేనూ అనలేదు. పైగా, కొంగు మీది నుంచే వేళ్లకు వేడి తగులుతున్నా, తల కదలకుండా నేనే గట్టిగా పట్టుకున్నాను. నర్సవ్వత్త కిందికి అదిమేసరికి సుజాత గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు. ఆమె నా చేతుల్లోనే సొమ్మసిల్లింది. కొంగు జారింది. చెవి కింద నాలుగు వేళ్ల అచ్చు నల్లగా కమిలి ఉంది.

దవాఖానలో ఎక్స్‌రే ఫోటో తీస్తే ఎడమ దవడ తల కింద ఎముక విరిగి ఉంది. అదమడం వల్ల విరిగిన ముక్క ఇంకా పక్కకు జరిగిందన్నారు. పెద్ద డాక్టర్ ఎవరు చేశారని గద్దించినప్పుడు నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా చదువు ఏమవుతుందోనన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు. ఈ మాట ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. నర్సవ్వత్త ముందుకెళ్లి, "నేనే ఒత్తిన సార్. సూడకుంట ఒత్తిన. తప్పు నాదే" అంది. నా పేరెత్తలేదు.

సుజాత పైదంతాలు, కిందిదంతాలు కలిపి తీగతో కట్టేశారు. నర్సవ్వత్త రోజూ పలచటి గంజి గ్లాసులో తీసుకెళ్లి పంటి సందులోంచి తాగించేది. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. భర్త మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. "పొయ్యి చాయ్ తాగిరాపో, నేనున్న" అని అతన్ని పంపేసింది. తలుపు దగ్గరగా వేసి, సుజాత ముందు తన చెయ్యి చాపింది.

"బిడ్డా, నీకు నోరు రాదు. వాని నోటితోటి చెప్పింది నేను ఇన్న. అది నా తప్పు. ఇప్పుడు నిన్ను అడుగుతున్న. వాడు కొట్టిండా? అవునంటే నా చెయ్యి వట్టుకో."

సుజాత తలుపు వైపు చూసింది. తర్వాత రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది. తీగలు తీసిన రోజు నర్సవ్వత్త ఆమెను తన ఇంటికే తెచ్చుకుంది. భర్త వచ్చి గుమ్మంలో కేకలేస్తే, వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు తెచ్చుకుని ఆ గుమ్మంలోనే కూర్చుని బీడీలు చుట్టారు. వాడు మళ్లీ రాలేదు. సుజాత ఇప్పటికీ అదే ఇంట్లో ఉంది. నవ్వితే గడ్డం కొంచెం ఎడమకు పోతుంది. అది చూసినప్పుడల్లా నర్సవ్వత్త మాట మధ్యలోనే ఆపేసేది.

ఆ తర్వాత ఆమె ఎవరి దవడా ముట్టుకోలేదు. వచ్చినవాళ్లను మొదట్లో దవాఖానకు, తర్వాత నా దగ్గరికి పంపేది. నేను క్లినిక్ తెరిచిన రోజు, తను వేళ్లకు చుట్టుకునే గుడ్డ ఉతికి, మడిచి నాకిచ్చింది. "ఎక్కిచ్చుడు నీకు వచ్చు. కని నోరు రానోళ్ల మాట పక్కనున్నోన్ని అడగకు. పైలం" అంది.

ఆ గుడ్డ నా సొరుగులో ఉంది. నిన్న నేను ఆ భర్తతో, "ఫోటో తియ్యాలె, ఆ గదిల నీకు పర్మిషన్ లేదు, బయట కూసో" అని చెప్పి తలుపు వేశాను. కుర్చీ ముందు స్టూలు వేసుకుని, ఆమె కళ్లకు ఎదురుగా కూర్చున్నాను. నర్సవ్వత్త అడిగినట్టే అడిగి, చెయ్యి చాపాను. ఆమె మూసిన తలుపు వైపు చూసింది. తొందరపెట్టకూడదని నాకు తెలుసు. చెయ్యి అలాగే ఉంచాను.

ఆమె పట్టుకుంది.