ఓ అంటే ఏ దిక్కు

ఉప్పల్‌లోని ఆ దేశపటాల ఆఫీసులో ఫ్రెంచి వచ్చిన మనిషి ఒక్క బసవరాజే. నాచారంలో తన పక్కింట్లో ఉండే పాండిచ్చేరి మాస్టారిని పట్టుకుని వదలకుండా నేర్చుకున్నాడు. పాత ఫ్రెంచి పటం ఏదైనా వస్తే ఆఫీసంతా అతని బల్ల చుట్టూ మూగేది. హైమావతి వచ్చేదాకా ఆ వైభవం సాగింది.

గుంటూరు నుంచి వచ్చిన ఆమెకు లాటిన్ తెలుసు. మిషన్ బడిలో సిస్టర్లు నేర్పారట. ఒకరోజు భోజనాల వేళ ఒక పటం మీది 'సెప్టెంట్రియో' అన్న మాట చూపించి, "ఇది ఉత్తర దిక్కండీ. ఏడు దుక్కిటెద్దులని అర్థం. మన సప్తర్షులు వాళ్లకి అలా కనబడ్డారు!" అంది. సూపరింటెండెంటు గంగాధరరావు తినడం మానేసి విన్నాడు. ఇన్నేళ్లలో బసవరాజు మాట ఆయన ఒక్కనాడూ అట్లా వినలేదు. బసవరాజు సగం తిన్న డబ్బా మూసేశాడు.

అరవై ఎనిమిదిలో పాత పటాల ప్రదర్శన పెట్టారు. తెలుగు పేర్లు పెన్సిలుతో రాసిచ్చే పని హైమావతిది, వాటిని సిరాతో దిద్దే పని బసవరాజుది.

"ఆమె జెప్పుడు, నేను దిద్దుడా!" అని ఇంట్లో భార్య తారామణి దగ్గర రుసరుసలాడాడు.

ఆ పటాల్లో ఒక ఫ్రెంచి రేవు పటం ఉంది. తలకిందులుగా, దక్షిణం పైకి పెట్టి గీసినది. అంచులు చిరిగిపోయి, దిక్కుల్లో కుడివైపున 'ఓ' అన్న అక్షరం ఒక్కటే మిగిలింది. లాటిన్‌లో 'ఓరియెన్స్' అంటే పొద్దుపొడుపు కదా, పటంలో కుడివైపు తూర్పే కదా అని హైమావతి దాని పక్కన 'తూర్పు' అని రాసింది. ఫ్రెంచిలో ఆ అక్షరం పడమరకు గుర్తని బసవరాజుకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎన్నడూ లేనంత అందంగా 'తూర్పు' అని దిద్దాడు.

ప్రదర్శన రోజు ఒక ముసలి నౌకాధికారి ఆ పటం ముందు ఆగాడు. "ఈ రేవులో పనిచేశానండీ. ఇటు పొద్దు గుంకుతుంది," అన్నాడు.

గంగాధరరావు హైమావతి వంక చూడలేదు. "ఏంది బసవరాజు, దిద్దింది నువ్వే గద! నీకు ఫ్రెంచి రాదా?" అన్నాడు.



"తప్పు నాదండీ. నేను రాసిచ్చిందే ఆయన దిద్దారు," అంది హైమావతి. ఆమె వెనకేసుకురావడం బసవరాజుకు తిట్టుకన్నా ఎక్కువ మండింది.

మర్నాడు ఆమె స్టూలు లాక్కుని అతని బల్ల దగ్గర కూర్చుంది. "ఫ్రెంచి దిక్కులు నేర్పండి బసవరాజుగారూ."

కాదనలేక, "నోర్, సూద్, ఎస్త్, ఉయెస్త్. ఆఖరుది ఓతోని రాస్తరు," అని చెప్పాడు.

వారం తిరక్కుండానే నిఘంటువు తిరగేసి వచ్చింది. "ఈ నాలుగూ లాటిన్ నుంచి వచ్చినవి కావటండీ. ఇంగ్లీషు వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నారట. మీకు తెలుసా?"

"తెల్వకేంది!" అన్నాడు. తెలియదు.

ఆ సాయంత్రం సైకిలు గోడకు ఆనించి, తారామణి ఇచ్చిన చాయ్ ముట్టకుండా కూర్చున్నాడు.

"ఆమె మళ్ల ఏమన్న అన్నదా?" అని అడిగింది తారామణి.

"ఏమనలే. నాకన్న మస్తు తెలుసు ఆమెకు. గదే నా బాధ," అన్నాడు బసవరాజు.