నేను కత్తిరించిన మాట

ఫోన్‌తో తీసి, ఫోన్‌లోనే ఎడిట్ చేసి, ఒక్క నిమిషంలో ఒక మనిషి కథ చెప్పాలి. యూనివర్సిటీలో జర్నలిజం మూడో ఏడాది మాకిచ్చిన అసైన్‌మెంట్ అది. మా మేడమ్ బహ్రెయినీ ఆవిడ. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసి పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఆవిడ చెప్పినవాటిలో నా తలకు బాగా ఎక్కింది ఒకటే: మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్లను ఆపలేకపోతే మిగతాదంతా వృథా.

కథ కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. మాది జగిత్యాల వైపు. నాన్న ఇక్కడ బహ్రెయిన్‌లో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. నేను పెరిగింది జింజ్‌లోని రెండు గదుల ఫ్లాట్‌లో. మా పక్క ఊరి మేస్త్రీ ఒకాయన గలాలీలో కొత్తగా కడుతున్న ఇళ్ల దగ్గర పనిచేసేవాడు. అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నేను కాకా అనేదాన్ని.

ఒక శుక్రవారం, సైటులో పని లేనప్పుడు, ఇసుక కుప్ప పక్కన కూర్చోబెట్టి ఆయనతో మాట్లాడించాను. అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పాడు. ఎండ గురించి అడిగితే ఇలా అన్నాడు:

"మొదటి యేడు ఎండకు సచ్చిపోతనేమో అనుకున్న బిడ్డా. ఇంటిదానికి గూడ చెప్పలే. ఇప్పుడు అలవాటైంది. మా కఫీల్ మంచోడు. ఎండ ముదిరితే ఖలాస్, నీడకు పొమ్మంటడు."

ఇంటికొచ్చి ఎడిటింగ్‌కి కూర్చున్నాను. 'మొదటి యేడు' అన్న రెండు మాటలు తీసేశాను. 'చెప్పలే' దగ్గర ఆపేశాను; అలవాటు కావడం, కఫీల్, అంటే యజమాని, నీడకు పంపడం రెండూ పోయాయి. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకునే ముక్కను నెమ్మది చేసి, వెనక ఒక దిగులు సంగీతం పెట్టాను. అబద్ధం చెబుతున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. బాగా కుదిరిందని సంతోషపడ్డాను.

క్లాసులో చప్పట్లు కొట్టారు. మేడమ్ అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు. ఆ సాయంత్రమే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తీసేసి, తెలుగువి చేర్చి నా పేజీలో పెట్టాను.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం లైబ్రరీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు వీడియో తీసినవ్ సూడు, గా కాక పోయిండటనే. ఊరి గ్రూపుల వచ్చింది."

"ఎటు పోయిండు?" అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసి ఒక క్లిప్ పంపింది.

తెరిచాను. ఐదారు సెకన్లు ఉంది. చుట్టూ నల్ల అంచు, మూలల్లో పువ్వులు. 'దుబాయిలో ఎండదెబ్బకు మన మండలం కార్మికుడి మృతి' అని రాసి ఉంది. మధ్యలో కాక మొహం తుడుచుకుంటూ, ఎండకు చచ్చిపోతానేమో అనుకున్నానంటున్నాడు. ఆ నెమ్మది నాది. ఆ సంగీతం నాది.

నేను నమ్మేశాను. ఈ సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఆయన ఉండేది బహ్రెయిన్‌లో, వార్త దుబాయి అంటోంది. పేరు లేదు, తేదీ లేదు. వార్తను ఎలా సరిచూసుకోవాలో నాలుగు వారాలు పాఠం విని, నోట్సు రాసుకున్నదాన్ని. అయినా ఒక్కటీ సరిచూడలేదు. ఆయన నాతో చెప్పుకున్నాడు, నేను మార్కులు తెచ్చుకున్నాను, ఆయన పోయాడు. అప్పుడు నాకు తోచింది అంతే.

కాకకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాన్న డ్యూటీ మధ్యలో వదిలేసి కారు తెచ్చాడు. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు: "ఊర్ల ఆయన ఇంటికాడ అందరు జమైండ్లట."

గలాలీలో సైటు గేటు తీసే ఉంది. లోపల మిక్సర్ తిరుగుతోంది. కాక రెండో అంతస్తు దగ్గర సారవ పలకల మీద నిలబడి గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు.

నాన్న సిమెంటు బస్తాల మీద కూలబడిపోయాడు. కాక కిందికి చూశాడు.

"ఏందన్నా, గీ యాళ్లకొచ్చిండ్రు? బిడ్డ గట్లున్నదేంది?"

నాన్నే చెప్పాడు. కాక దిగివచ్చి, బట్టల సంచిలోంచి ఫోన్ తీశాడు. పని వేళల్లో అది సంచిలోనే ఉంటుంది. ఎత్తని కాల్స్‌తో తెర నిండిపోయి ఉంది. చేతికున్న సిమెంటు ప్యాంటుకు తుడుచుకుని ఇంటికి వీడియో కాల్ చేశాడు.

తెర మీద ఆయన భార్య మొహం కనిపించింది. వెనక చాలామంది ఆడవాళ్లు.

"నేనే. మంచిగనే ఉన్న. పని మీదున్న."

ఆమె చాలాసేపు చూసింది. "గిది గూడ వీడియోనేనా?" అంది.

"కాదే. నేనే మాట్లాడుతున్న."

"ఏది, చెయ్యి ఊపు."

కాక చెయ్యి ఊపాడు. "రెండోది" అంది. రెండోదీ ఊపాడు. అప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపుకి మిక్సర్ ఆపరేటర్ యంత్రం ఆపేసి వచ్చి నిలబడ్డాడు.

అదంతా సద్దుమణిగాక కాక నా వీడియో చూపించమన్నాడు. పెట్టేముందు ఆయనకు చూపించాలన్న ఆలోచనే నాకు రాలేదు. రెండుసార్లు చూశాడు. తిడతాడనుకున్నాను.

"నేనన్న మాటనే బిడ్డా. గని నేను చెప్పింది గిది గాదు" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

మర్నాడు క్లాసులో జరిగిందంతా చెప్పాను. అసలు ఫైలు వేసి చూపించాను, తర్వాత నేను పెట్టింది చూపించాను. మేడమ్, "అసలు ఫైలు నేనూ అడగలేదు" అన్నారు. నా మార్కులు కొట్టేశారు. ఆ తర్వాత ఏ అసైన్‌మెంట్ అయినా, అసలు ఫైలు లేకుండా, మాట్లాడిన మనిషి చూశాడన్న సంతకం లేకుండా తీసుకోలేదు.

నా పేజీలోంచి వీడియో తీసేశాను. బయట అది తిరుగుతూనే ఉంది. కాకతో ఇంకో వీడియో తీసి, ఈసారి ఆయనకు చూపించి పెట్టాను. 'నేను బతికే ఉన్న' అని ఆయనే చెప్పాడు. దాన్ని చూసినవాళ్లు బహు కొద్దిమంది.

రెండు నెలల తర్వాత కాక సెలవుకు ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చాక మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు. బస్టాండులో చాయ్ పోసే ఆయన కాకను చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడట.

"గదేం గాదు గని, మా చిన్నబిడ్డ ఉన్నది సూడు, ఒక వారం నన్ను ఇడువలే. తానానికి పోయినా తలుపు బయటనే నిలవడేది. నేను లోపల్నుంచి మాట్లాడుకుంట ఉండాల్నట."

అమ్మ ఇంకాస్త పప్పు వడ్డించింది. నేను తలెత్తి ఆయన వైపు చూడలేకపోయాను.