కింది చేలో మా మన్ను

ఈ ఉదయం ఏడూ ఇరవైకి మా ఊరు రూపనగుడిలో బస్సు దిగాను. రాత్రి పెద్ద వాన పడిందని తెలిసి తమ్ముడి చేను చూద్దామని వెళ్ళిన వాణ్ణి, నల్లమన్ను కొట్టుకుపోయి అడుగునున్న తెల్లని గరుసురాళ్ళ నేల తేలి ఉండటం చూసి అక్కడే నిలబడిపోయాను. ట్రాక్టరు తిప్పడానికి అడ్డమని, నాలుగు సాళ్ళు ఎక్కువ వస్తాయని, తాతలనాటి గట్టును వాడు నిరుడు దున్నించేశాడు. నేను పట్నంలో, గాంధీనగర్‌లో పుస్తకం చదువుకుంటూ ఫోనులో ‘నీ ఇష్టం’ అన్నాను. ఇంత చదువూ ఆ రెండు మాటలకే పనికొచ్చింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గట్లు ఉన్న రోజుల్లోనూ పెద్దవానకు కొంత మన్ను కింది చేలోకి జారేది. మర్నాడు ఆ చేను ఆసామి, చుట్టరికం లేకున్నా ఇంటిల్లిపాదీ మామ అనే పిలిచేవాళ్ళం, మా వాకిట్లోకొచ్చి నాన్నను కేకేసేవాడు.

“ఏమప్పా, నీ చేను మా చేన్లోకొచ్చి పండుకోనుండాది. ఎప్పుడు పిల్చుకపోతావు?”

“సుట్టపుసూపుకొచ్చింది మామా, రెండు దినాలుండనీ.”

“ఉంటే నాకే మేలు. మళ్ళ నన్ను దొంగంటావు.”

అమ్మ తట్టలు తీసేది. మామ ఇంటివాళ్ళూ మాతోపాటు మోసేవారు. పోయిన మన్నంతా తిరిగి రాదని అందరికీ తెలుసు. అయినా వచ్చి పిలవకపోతే మామకు, వెళ్ళి మోయకపోతే మాకు పరువు తక్కువ.

ఇవాళ మా మన్ను మామ కొడుకు చేలో మోకాలెత్తు మేటవేసి ఉంది. తీసుకుపోతామని అడిగాను.

“తీసుకపోన్నా, ఎవురొద్దంటారు?” అన్నాడు.

వద్దన్నది తమ్ముడు. “బురద మోసేకి మనమేమన్నా కూలోళ్ళమా అన్నా? ఊరోళ్ళు చూస్తే నగుతారు. సుమ్నే ఊరకుండు, రెండు మూటలు ఎరువు ఎక్కువేస్తే సరిపోతాది.”

నాన్న తట్ట మోసిన చేలో నిలబడే వాడు ఆ మాట అన్నాడు. గరుసులో ఎరువు పోస్తే ఏం మొలుస్తుందో తెలియనివాడు కాదు. తెలిసీ, నలుగురి నవ్వుకు భయపడి చేనునే వదులుకునేవాణ్ణి రైతు అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంట్లో తట్ట లేదు. మరదలు ప్లాస్టిక్ టబ్బు ఇచ్చింది. తడిమన్ను రెండుసార్లు మోసి, నడుము పట్టేసి, మూడోసారి సగం దారిలో దించేశాను. తమ్ముడు ట్రాక్టరు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను వాడికన్నా ఏమీ మేలు కాదు. తొమ్మిదిన్నర బస్సుకు తిరిగొచ్చాను.

ఆ మన్ను పేరుకోవడానికి ఎన్ని తరాలు పట్టిందో గాని, పోవడానికి ఒక ట్రాక్టరు, ఒక ఫోను, ఒక వాన చాలాయి. ఇప్పుడు మా వైపు వాన వెలిసిన మర్నాడు కింది చేనువాళ్ళు వచ్చి పిలవరు. జారిన మన్నును ఎవరూ పైకి మోయరు.