సెమినార్‌లో పెద్దమ్మ అడిగిన ప్రశ్న

కొత్తగా ల్యాబ్‌లో చేరిన ఆ రోజుల్లో బ్యాక్టీరియాను పస్తులుంచడమే నా పని. (ఇంట్లో ఈ మాట చెప్పుకోలేక చచ్చేదాన్ని.) ఒంట్లోకి చొరబడిన బ్యాక్టీరియాకు అందకుండా మన శరీరం ఇనుము లాంటి పోషకాలను దాచేస్తుంది; ల్యాబ్‌లో నేను చేసేదీ అదే. బ్యాక్టీరియా ఏమో అంత తేలిగ్గా చావదు. ఎదుగుదల తగ్గించుకుని, కష్టకాలంలో కాపాడే ఒత్తిడి ప్రోటీన్లు తయారుచేసుకుని, మంచిరోజుల కోసం మొండిగా కూర్చుంటుంది. ఇదంతా మొదటి సెమినార్‌లో చెప్పమంటే సగంలోనే దిగిపోయాను. ఈసారీ అంతే అయితే ప్రాజెక్టు వేరేవాళ్లకు ఇచ్చేస్తానని మా గైడ్ తేల్చి చెప్పారు.

సైదాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. వంటింటి గడప మీద కూర్చుని ఆవిడకే పాఠం అప్పజెప్పేదాన్ని. జొన్నరొట్టెలు కొడుతూ అంతా విని, "గట్ల ఉపాసం పెడితే ఉసురు తగలదా బిడ్డా?" అనేది. (బ్యాక్టీరియా ఉసురు గురించి బాధపడ్డ మనిషిని మళ్లీ ఎక్కడా చూడలేదు.)

సెమినార్ రోజు భయంతో ముద్ద దిగక ఖాళీ కడుపుతోనే వెళ్లిపోయాను. నేను మాట్లాడడానికి లేచేసరికి, గంజిపెట్టిన నేతచీర, కళ్లజోడుతో పెద్దమ్మ హాల్లోకి వచ్చింది. ఆ రోజు బయటి నుంచి ఎవరో మేడమ్ రావాల్సి ఉంది. మా గైడ్ ఈవిడే ఆవిడనుకుని ఎదురెళ్లి, ముందు వరుసలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించారు. చేతిలోని టిఫిన్ డబ్బాను ఎవరూ పట్టించుకోలేదు. ఆకలితో ఉన్న బ్యాక్టీరియా మీద మందులు ఎందుకు సరిగా పనిచేయవని గైడ్ అడిగితే బిత్తరచూపులు చూశాను. ఆయన నిట్టూర్చి, "మేడమ్, మీరేమైనా అడుగుతారా?" అని పెద్దమ్మ వైపు తిరిగారు.

ఆవిడ లేచి నిలబడింది. "అడుగుత సార్. పిల్ల పొద్దుగాల నుంచి ఏం తినలే. జెర తిన్నంక అడిగితే ఏమైతది?"

హాలంతా నవ్వు. పొరపాటు అర్థమై గైడ్ కూడా నవ్వేసి, తిని రమ్మన్నారు. వరండాలో పెద్దమ్మ రొట్టె తుంచి, ఎల్లిపాయ కారం అద్ది నోట్లో పెడుతూ, "ఫికర్ జెయ్యకు. నాకు చెప్పినట్టే చెప్పు" అంది. లోపలికెళ్లి ఆవిడ వైపే చూస్తూ చెప్పాను. చాలా మందులు ఎదుగుతున్న బ్యాక్టీరియానే బాగా దెబ్బకొడతాయని, ఇదేమో ఎదుగుదల ఆపి, ఒత్తిడి ప్రోటీన్లతో తన ప్రాణం కాపాడుకుంటుందని. ప్రాజెక్టు నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పటికీ సైదాబాద్ వెళితే ఇరుగుపొరుగుకు నన్ను చూపించి, "పురుగులకు ఉపాసం పెట్టి సదువుకున్నది మా బిడ్డ" అంటుంది పెద్దమ్మ. బిత్తరచూపులతో నిలబడ్డ ఆ బక్కపిల్లను తలచుకుని నేనూ నవ్వుతాను. పురుగులను పస్తులుంచిన మాట నిజమే. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నన్ను మాత్రం ఆవిడ ఒక్కపూట కూడా పస్తుండనివ్వలేదు.