తవిటమ్మ నిన్న తిన్నది

పెన్నూ కాగితాలూ పట్టుకుని వచ్చిన మనిషికి ఏం చెప్పాలో తవిటమ్మకు బాగా తెలుసు. పాతపట్నానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న తమ ఊరి బడిలో పదహారేళ్లు మధ్యాహ్న భోజనం వండింది. తనిఖీకి వచ్చినవాళ్లు ఈవేళ ఏం వండారని అడిగితే, గోడ మీద ఏం రాసి ఉందో అదే చెప్పాలి. సంతలో తోటకూర దొరక్క పప్పులో సొరకాయ వేసిన రోజైనా సరే, గోడ మీద తోటకూర పప్పని ఉంటే అది తోటకూర పప్పే. దాన్ని అబద్ధమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పిల్లల కడుపులు నిండేవి, వచ్చినవాళ్లు రాసుకుని వెళ్లేవాళ్లు.

అందుకే కంటి ఆసుపత్రి తరఫున వచ్చిన హైమ అరుగు మీద కూర్చుని, "మామ్మగారూ, నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నారో చెప్పండి" అన్నప్పుడు తవిటమ్మ తడుముకోలేదు.

"పొద్దున్న చోడంబలి ఒక గలాసు. మజ్జానం అన్నం, పప్పు, తోటకూర, గుడ్డొకటి. రాత్రి అన్నం, సేపల పులుసు, మజ్జిగ."

హైమ ఎచ్చెర్ల యూనివర్సిటీలో పెద్ద చదువు చదివిన పిల్ల. వయసుతో కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో లెక్క తేల్చడం ఆమె పని. ఒక్కొక్కరి దగ్గరకీ మూడుసార్లు రావాలి. ఆమె సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసింది. అందులో ఒకే కూర చిన్న గిన్నెలో, మధ్యరకం గిన్నెలో, పెద్ద గిన్నెలో ఉంది.

"మీరు తిన్న తోటకూర వీటిలో ఎంత ఉంటుంది?"

తవిటమ్మ తల పక్కకు తిప్పి చూసింది. పేజీ అంచులు కనిపించాయి. నడిమిన మాత్రం బూడిదరంగు మచ్చ. "ఇదిగో, ఇంత" అని ధీమాగా వేలు పెట్టింది. వేలు రెండు బొమ్మలకీ మధ్య ఖాళీలో పడింది. హైమ పుస్తకం మూసేసి, సంచిలోంచి నిజం గిన్నెలే తీసి ఆమె చేతికిచ్చింది.

ఆ మచ్చ వచ్చి రెండేళ్లవుతోంది. మొదట ద్వారబంధం వంకరగా కనిపించింది. వడ్రంగిని పిలిచి తిడితే, అతను కొలిచి చూపించి నవ్వి వెళ్లిపోయాడు. తరవాత మనుషుల చెవులూ జుట్టూ కనిపించి, ముక్కూ కళ్లూ ఉండాల్సిన చోట ఏమీ లేకుండా పోయింది. కంటి లోపలి పొర నడిమి భాగం వయసుతో పాడయిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఆకుకూరలు, గుడ్డు, చేప బాగా తినమన్నాడు. బడి వంట ఆమె తనంతట తానే మానుకుంది. ఇంట్లో వంట మాత్రం మానలేదు.

ఆ ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. ముందు వంటగదిలో కొడుకు గిరిబాబుకీ తనకీ కోడలు ఈశ్వరి వండుకుంటుంది. పెరటి సాయబానులో తవిటమ్మ తనకీ మొగుడు సూరయ్యకీ వండుతుంది. ఈశ్వరి చెడ్డది కాదు. "అత్తా, నా పొయ్యి మీద నలుగురికీ ఉడకదేటి? నీకెందుకీ పొగ?" అని చాలాసార్లు అంది. కానీ నూటపాతిక మందికి వడ్డించిన మనిషి, ఎవరు ఎప్పుడు పెడతారా అని కంచం ముందు కూర్చోలేదు. తన చూపు ఏపాటిదో కోడలికి పూర్తిగా తెలిసిన మర్నాడే సాయబానులో పొయ్యి ఆరిపోతుంది. అంతకంటే ఆమెకు వేరే భయం లేదు.

నాలుగు నెలల కిందట సూరయ్య తోటకూర అన్నం తింటూ మధ్యలో ఆగాడు. ఏమైందంటే ఏమీ లేదన్నాడు. కంచం కడిగేటప్పుడు ఆమె వేళ్లకు అంచున మెత్తగా తగిలింది. గొంగళిపురుగు. ఆయన దాన్ని పక్కకు నెట్టి, మాట్లాడకుండా తినేశాడు. ఆమె కూడా మాట్లాడకుండా కంచం కడిగేసింది. ఆ రోజు నుంచి ఆ పొయ్యి మీద ఆకుకూర ఉడకలేదు. వంకాయ, అరటికాయ, ఉల్లిపాయ చారు. వేళ్లతో తెలిసేవే. గుడ్డు పగలగొడితే కుళ్లిందో లేదో వాసన చెప్పేది గానీ పెంకు ముక్కల మాట చెప్పేది కాదు. అదీ మానేసింది. కంటికి ఏం తినాలన్నారో అది తినడానికి కన్నే చాలడం లేదు.

పదిహేను రోజులకు హైమ మళ్లీ వచ్చింది. మళ్లీ అదే అడిగింది.

"చోడంబలి. అన్నం, పప్పు, తోటకూర, గుడ్డు" అంది తవిటమ్మ.

వాకిట్లో తాడు పేనుతున్న సూరయ్య సాయం చేద్దామనుకున్నాడు. "అవునమ్మా, గోంగూర బలే పుల్లగా ఉన్నాది" అని కేకేశాడు.

"గోంగూర కాదయ్యా, తోటకూర!"

"ఆఁ, అదే. తోటకూరే పుల్లగా ఉన్నాది."

హైమ పెన్ను ఆగింది. ఆమె ఏదో అడగబోయేంతలో ఫోను మోగింది. ఒళ్లో కాగితాలూ గిన్నెలూ ఉండడంతో స్పీకరు పెట్టి పక్కన ఉంచింది.

"అమ్మా, పాప తిందా?"

"తిన్నాది. గిన్నెడూ తినీసింది" అంది అవతలి గొంతు.

"నిన్నా గిన్నెడే, మొన్నా గిన్నెడే. అంత తింటే బరువెందుకు పెరగదమ్మా?"

"పెరుగుతాది. నువ్వు పని సూసుకో."

అవతల ఫోను పెట్టేసింది. హైమ కాసేపు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది.

"పాపకెన్నేళ్లు?" అంది తవిటమ్మ.

"రెండు నిండాయండి. మూడు నెలల నుంచీ పదిన్నర కిలోల దగ్గరే ఉంది. అమ్మ మాత్రం అంతా తినేసిందనే చెప్తుంది."

"మీయమ్మ అబద్దం సెప్తంది."

హైమ తలెత్తింది.

"ఎక్కడో కూకుని బెంగెట్టుకుంటావనీసి సెప్తంది. రోజూ ఒక్కలాగ, ఒక్క మెతుకు తేడా నేకుండా తినే మనిషుంటాదేటి? సంటిదైనా అంతే, ముసిల్దైనా అంతే." తవిటమ్మ గొంతు తగ్గించింది. "నాను సెప్పిందీ అలాటిదే. ఆ కాయితం కొట్టెయ్. ముందు రాసిందీ కొట్టెయ్. ఆకుకూర తిని నాలుగు నెల్లయినాది. గుడ్డు నేదు. సేపలు నేవు, ముల్లు కనబడదు. నిన్న అన్నం, ఉల్లిపాయ చారు, ఆవకాయ."

"ఎందుకు మామ్మగారూ?"

"ఆకు ఏరలేను. పురుగుకీ ఈనెకీ తేడా తెల్డం నేదు."

తాడు పేనుతున్న చప్పుడు ఆగింది. హైమ పాత వరసల మీద అడ్డంగా గీత గీసి కొత్తవి రాసింది. కారణం రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాసుకుంది.

బట్టలారేసి వచ్చిన ఈశ్వరి గుమ్మంలో నిలబడి ఉందని అప్పుడు చూశారు.

"నాలుగు నెల్లా! నన్నేరమంటే ఏరనేటత్తా?"

"ఏరతావే. ఏరీసి నీ పొయ్యి మీదే ఎట్టీస్తావు. కూకోబెట్టి నాకింత ఎడతావు."

తాను సరిగ్గా అలాగే చేసేదని ఈశ్వరికీ తెలుసు. "రేపు కాలో సెయ్యో కాల్సుకుంటే ఊరోళ్లు నన్నంటారు" అంది.

"నిప్పు కనబడతాదే. ఎరుపు నాకు బాగా కనబడతాది. కనబడనిది పురుగే."

సూరయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. "ఈ కొంపలో నాకు కళ్లు నేవేటి? నానేరతాను" అన్నాడు.

మూడోసారి హైమ చిన్న కాటా కూడా తెచ్చింది. ఆమె వచ్చేసరికి సూరయ్య వీధి అరుగు మీద కళ్లజోడు పెట్టుకుని, చేటలో తోటకూర పరుచుకుని, ఒక్కొక్క ఆకూ వెలుగుకెత్తి తిప్పి తిప్పి చూస్తున్నాడు. దారిన పోతున్న పోతురాజు ఆగాడు.

"ఏటి మావా, ఆకులు లెక్కెడతన్నావా?"

"ఎల్లరా ఎల్లు! నీ పెళ్లాం నీ సేత అంట్లు తోమించడం నేదేటి?"

"తోమిత్తంది గానీ, ఈదిలో కాదు!"

గుప్పెడు ఏరడానికి ఆయనకు గంట పట్టింది. ఈనెలు కొన్ని అలాగే వదిలేశాడు, పురుగొక్కటీ వదల్లేదు. తవిటమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె కాగిందో లేదో ఒక ఆవగింజ వేసి చెవితో కనిపెట్టింది. ఈశ్వరి అటూ ఇటూ తిరుగుతూ రెండుసార్లు తొంగి చూసింది గానీ లోపలికి రాలేదు. కూర దిగాక హైమ తవిటమ్మ వంతు గిన్నెలో వేసి తూచింది.

"నలభై గ్రాములు."

"సరిపోతాదా?"

"చాలదు మామ్మగారూ. దీనికి రెండింతలుండాలి. రోజూ తినాలి."

తవిటమ్మ వీధి వైపు తిరిగి కేకేసింది. "ఇన్నావా? రేపు రెండు గుప్పెళ్లు ఏరాలంట!"

సూరయ్య కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. "ఒసే, సచ్చి నీ కడుపున పుడతానే" అన్నాడు. ఆమె అప్పటికే కంచాలు పరుస్తోంది.